జిప్సీ కిందికి దూరి చూస్తే

పాత మారుతి జిప్సీ బాగోగులు తెలియాలంటే నిలబడి చూస్తే కుదరదు, మోకాళ్ల మీద కూర్చోవాలి. పైన మెరిసే పెయింటు, నల్లటి బంపరు, టాపు మీద లైట్ల వరస, వెనక జెర్రీ క్యాను డబ్బు పెడితే వారం తిరక్కుండా వచ్చేస్తాయి. కింద సంగతి వేరు. యూ-బోల్టుల మీద నట్లు సమానంగా కూర్చున్నాయా, బ్రేకు గొట్టం ఎక్కడైనా కమాను పట్టీకి రాసుకుంటోందా, ముందు ఇరుసు హౌసింగు చివర గ్రీజు కారి మట్టి పేరుకుందా, వైర్లు ఛాసిస్ వెంట క్లిప్పుల్లో ఒద్దికగా పోతున్నాయా లేక వేలాడుతున్నాయా చూడాలి. బండి ఎవరి చేతిలో పడిందో అక్కడ తెలిసిపోతుంది.

సికింద్రాబాద్ కార్ఖానా పేటలో ఇలా మోకాళ్ల మీద కూర్చునేవాళ్లకు కొదవ లేదు. జూబ్లీ బస్‌స్టేషన్ దాటి రాజీవ్ రహదారి మీద తిరుమలగిరి వైపు పోతుంటే దారి పొడుగునా కంటోన్మెంటే. 1806లో మూడో నిజాం సికందర్ జా పేరు పెట్టుకున్న ఈ ఊరు పుట్టిందే ఫౌజు కోసం. సైన్యానికి ట్రక్కులు, ట్యాంకులు, ఫిరంగులు బాగుచేసే ఈఎంఈ కోరుకు చెందిన కాలేజీ, శిక్షణ కేంద్రం ఈ చుట్టుపక్కలే ఉన్నాయి. మిలిటరీ పచ్చరంగు జీపులను, జోంగాలను, జిప్సీలను చిన్నప్పటి నుంచి చూస్తూ పెరిగిన పేట ఇది. ఏపీ 10 నంబరు పలకతో పాత ఫోర్ బై ఫోర్ ఒకటి సందులో నిలబడి ఉంటే ఇక్కడ ఎవరూ వెనక్కి తిరిగి చూడరు.

జోంగా మోజు వేరు. నిస్సాన్ ప్యాట్రోల్ నమూనా మీద జబల్‌పూర్ వాహనాల ఫ్యాక్టరీలో తయారై, దాదాపు నాలుగు లీటర్ల ఆరు సిలిండర్ల పెట్రోలు ఇంజనుతో ఏనుగులా తాగే బండి. దాన్ని పెంచుకోవడానికి ప్రేమ చాలదు, ఆస్తి కావాలి. జిప్సీ మధ్యతరగతి మోజు. మారుతి 1985 డిసెంబరులో తెచ్చింది. మొదట 970 సీసీ ఇంజను. 1993లో చక్రాల మధ్య వెడల్పు పెంచారు. 1996లో 1,298 సీసీ ఇంజనుతో ‘జిప్సీ కింగ్’ వచ్చింది. 2000లో కార్బురేటరు పోయి పదహారు వాల్వుల ఎంపీఎఫ్ఐ వచ్చి, అరవై హార్స్‌పవరు ఎనభై అయింది. అదే ఇంజను ఎస్టీమ్ కారులోనూ ఉండేది కాబట్టి సామాన్లకు కరువు రాలేదు. 2019లో మామూలు జనానికి అమ్మకం ఆపేశారు. ముప్పై మూడేళ్లకు పైగా నడిచిన మోడల్ కథ పవరు స్టీరింగు లేకుండానే ముగిసిందంటే దాన్ని మొండితనం అనాలో, ధీమా అనాలో మీ ఇష్టం.

ఈ బండిని బాగుచేసేవాళ్లకు ఇది ఎందుకు ముద్దో చెప్పడం తేలిక. నిచ్చెన మెట్ల ఛాసిస్, దాని మీద బోల్టులతో కూర్చున్న బాడీ, ముందూ వెనకా గట్టి హౌసింగులు, నాలుగు మూలలా కమాన్లు. గేర్‌బాక్స్ ఒకచోట, ట్రాన్స్‌ఫర్ కేసు విడిగా ఇంకోచోట, రెంటికీ మధ్య ఓ పొట్టి షాఫ్ట్. ప్రతి భాగమూ కంటికి కనబడుతుంది, చేతికి అందుతుంది, ఒక్కోదాన్నీ విడిగా దించవచ్చు. ల్యాప్‌టాప్ తగిలించి తప్పేమిటో బండినే అడిగే రోజుల్లో, చెయ్యీ చెవీ పెట్టి తెలుసుకోవడానికి మిగిలిన కొద్ది బండ్లలో ఇదొకటి.

నేను పని చూడటానికి వెళ్లే షెడ్డు కార్ఖానా మెయిన్ రోడ్డుకు కాస్త లోపల, రెండు జిప్సీలు నిలిస్తే మూడో బండికి చోటు లేనంత ఇరుకు. అక్కడ పెద్దాయన్ని అందరూ ఉస్తాద్ అంటారు, నేనూ అంతే. ఆయన పనిలో నాకు మొదట నచ్చింది ముందు ఇరుసు పని. దాని గురించి కొంచెం తీరిగ్గా చెబుతాను, ఎందుకంటే బయటికి ఒక్క ముక్క కూడా కనబడని పని అది.

పాత జిప్సీలకు ఒక జబ్బు. అరవై, డెబ్బై వేగంలో ముందు చక్రం చిన్న గుంతలో పడితే స్టీరింగు ఉన్నట్టుండి కుడిఎడమలకు కొట్టుకోవడం మొదలుపెడుతుంది. పట్టుకున్న చేతులు అదురుతాయి, బండిని దాదాపు ఆపితే గాని తగ్గదు. చాలాచోట్ల దీనికి చేసే వైద్యం కొత్త స్టీరింగు డ్యాంపరు బిగించడం, చక్రాలు బ్యాలెన్సు చేయడం. నాలుగు నెలలు బాగుంటుంది. జబ్బు లోపలే ఉంటుంది, డ్యాంపరు దాన్ని కప్పి పెడుతుంది, అంతే.

ఉస్తాద్ ముందు జాకీ ఎక్కించి, చక్రాన్ని పైనొక చెయ్యి కిందొక చెయ్యి వేసి ముందుకూ వెనక్కూ ఆడిస్తాడు. సన్నగా కటక్‌మంటుంది. ఆ ఆట చక్రం బేరింగుదా, కింగ్‌పిన్‌దా? రెండూ చేతికి ఒకేలా తగులుతాయి. అప్పుడు కుర్రాడిని పిలుస్తాడు.

“బ్రేక్ తొక్కు తమ్ముడూ... గట్టిగ పట్టు, ఇడ్వకు.”

బ్రేకు పట్టగానే హబ్బూ, దాన్ని మోసే నకిలూ ఒకటైపోతాయి. అప్పుడు ఆట పోయిందా, తప్పు చక్రం బేరింగులో ఉన్నట్టు. పోలేదా, కింగ్‌పిన్. పనిముట్టు లేదు, మీటరు లేదు, ఇంకొకరి కాలు ఉంటే చాలు. ఇంత చక్కటి పరీక్షను ఎవరు కనిపెట్టారో గాని వాళ్లకు దండం పెట్టాలి.

కింగ్‌పిన్ సంగతి ఏమిటంటే, ముందు హౌసింగు రెండు చివర్లా బోలు ఇనుప బంతి ఉంటుంది. చక్రానికి శక్తినిచ్చే జాయింటు దాని కడుపులో తిరుగుతుంది. ఆ బంతిని బయట నుంచి కప్పుకుని నకిల్ ఉంటుంది, పైనొకటి కిందొకటి పిన్నుల మీద, చిన్న టేపర్ బేరింగుల్లో. స్టీరింగు తిప్పినప్పుడల్లా బండి ముందు బరువు మోస్తూ కదిలేది ఈ నాలుగు చిన్న బేరింగులే. బండి ఎక్కువ సేపు తిన్నగానే పోతుంది కాబట్టి రోలర్లు ఒకేచోట నిలబడి బేరింగు బయటి కప్పు మీద వరసగా గాట్లు పెడతాయి. అందుకే అరిగిన బండిలో స్టీరింగు నడిమధ్య చోట గాట్లో పడి ఆగినట్టు అనిపిస్తుంది, మలుపులో మాత్రం బాగానే తిరుగుతుంది. తీసిన కప్పును కిరోసిన్‌లో కడిగి వెలుతురుకు పట్టి చూపించాడు. దువ్వెన గుర్తుల్లా సన్నటి గీతలు, గోరు పెడితే తగులుతున్నాయి.

విప్పేటప్పుడు ఆయన చేసే మొదటి పని, పై పిన్నుకూ కింది పిన్నుకూ సుద్దతో గుర్తు పెట్టి, ఏ పిన్ను కింది షిమ్ములు ఆ పిన్నుకే తీగతో కట్టేయడం. షిమ్ములంటే కాగితమంత పల్చటి రేకులు. నకిల్‌కూ పిన్ను తలకూ మధ్య కూర్చుంటాయి. ఒకటి తీస్తే పిన్ను లోపలికి దిగి బేరింగు బిగుస్తుంది, ఒకటి కలిపితే వదులవుతుంది. పనంతా ఈ లెక్కలోనే ఉంది.

కొత్త కప్పులు కొట్టేటప్పుడు మాట్లాడనివ్వడు. రేడియో కూడా ఆపించాడు. ఇత్తడి ముక్క పెట్టి, చుట్టూ తిప్పుతూ, సుత్తితో ఒక్కో దెబ్బ. కప్పు దిగుతున్నంతసేపు చప్పుడు బోలుగా ఉంటుంది. అడుగుకు చేరగానే గట్టిపడి మోగుతుంది. అక్కడ ఆపాలి. ఒక దెబ్బ ముందే ఆపితే నడిచిన కొద్దీ కప్పు దిగి, వేసిన లెక్కంతా వదులైపోతుంది.

తర్వాత వచ్చే ఘట్టం చూడటానికే నేను వెళ్లేది. రబ్బరు సీలు ఇంకా ఎక్కించకుండా నకిల్‌ను పిన్నుల మీద నిలబెట్టి, టై రాడ్ తగిలే రంధ్రానికి స్ప్రింగు కాటా కొక్కెం వేసి మెల్లగా లాగుతాడు. నకిల్ కదలడం మొదలైన క్షణంలో ముల్లు కిలోకూ రెండు కిలోలకూ మధ్య ఉండాలి. కిలో కంటే తక్కువైతే మళ్లీ కొట్టుకుంటుంది. ఎక్కువైతే మలుపు తిరిగాక స్టీరింగు తనంతట తాను వెనక్కి రాదు, బేరింగూ తొందరగా పోతుంది. మొదటిసారి లాగితే ముల్లు కదలనే లేదు. పైనుంచి ఒక షిమ్ము తీశాడు, నాలుగు బోల్టులు ఎదురెదురుగా బిగించాడు, మళ్లీ లాగాడు. ఇంకో పల్చటిది తీశాడు. మళ్లీ. ముల్లు కిలోన్నర దగ్గర నిలిచింది. అంతటితో చేతులు తుడుచుకుంటాడనుకుంటే కుడివైపు మళ్లీ మొదటి నుంచి మొదలుపెట్టాడు, ఎడమ లెక్క కుడికి పనికిరాదట.

“అందాజా మీద పెడ్తె నడుస్తది సార్. మీకు తెల్వది కూడ. బండికి తెలుస్తది.”

బంతి మీద తుప్పు మచ్చలుంటే సన్నటి ఎమెరీ కాగితంతో నునుపు చేసి గాని సీలు ఎక్కించడు. గరుకు బంతి మీద కొత్త సీలు ఎన్నాళ్లు ఉంటుంది? గ్రీజు బయటికి, నీళ్లు లోపలికి. బండి కింద నూనె మరకలు పాత బండికి సహజమని సర్దుకుపోయే యజమానులు ఎక్కువ. ఆ మాట ఈ షెడ్డులో అంటే ఉస్తాద్ ముఖం చూడాలి.

ఇంత చెప్పాక యాక్సెసరీల మాట. జనం ఉత్సాహమంతా అక్కడే కాబట్టి తప్పదు. జిప్సీ కొన్నవాడు మొదట అడిగేది ఎత్తు పెంచమని. తేలిక దారి, కమాను చివర షాకిళ్లు పొడుగువి వేయడం. రెండు గంటల పని, వెంటనే బండి ఛాతీ విరుచుకున్నట్టు కనిపిస్తుంది. కాని జిప్సీకి ముందు షాకిల్ కమానుకు ముందు కొసన ఉంటుంది. దాన్ని పొడుగు చేస్తే కమాను ముందు కొస దిగుతుంది, హౌసింగు ఆ మేరకు ముందుకు తిరుగుతుంది, కింగ్‌పిన్ వెనక్కి వాలి ఉండే కోణం తగ్గుతుంది. తిన్నగా పోవాలన్న బుద్ధి స్టీరింగుకు ఆ వాలు వల్లే వస్తుంది. అంటే పైన పెంచిన ఎత్తుకు కింద స్టీరింగు సమాధానం చెప్పుకోవాలి. పని తెలిసినవాడు కమానుకూ దాని దిమ్మెకూ మధ్య ఏటవాలు ఇనుప పలక పెట్టి ఆ కోణాన్ని తిరిగి తెస్తాడు. తెలియనివాడు అలైన్‌మెంటుకు పంపిస్తాడు.

ఇంకా ఎత్తు కావాలంటే హౌసింగు కింద ఉన్న కమాన్లను హౌసింగు మీదికి మార్చడం ఒక పద్ధతి. అప్పుడు బ్రేకు గొట్టాలు చాలవు, ప్రొపెల్లర్ షాఫ్టుల కోణం పెరిగి యూజే క్రాసులు అరుస్తాయి, స్టీరింగు రాడ్డు వాలిపోయి గుంత తగిలినప్పుడల్లా బండి పక్కకు లాగుతుంది. వీటన్నిటికీ జవాబు సిద్ధం చేసుకుని చేసిన బండ్లూ ఉన్నాయి. వాటి పనితనాన్ని మెచ్చుకుంటాను గాని, రోజూ నడిపే బండికి అది అనవసరం అన్నదే నా అభిప్రాయం. ఉస్తాద్ అసలు ఆ పని ఒప్పుకోడు. లారీ కమాన్లు కొట్టే షాపులో పట్టీలను తిరిగి వంచి తెప్పించి, ఒక్కో పట్టీ తుప్పు గీకి, మధ్యన గ్రాఫైటు గ్రీజు రాసి, కొత్త బుష్షులు వేస్తాడు. కూర్చుండిపోయిన బండి పుట్టినప్పటి ఎత్తుకు లేస్తుంది. ఎత్తు పెంచమని వచ్చినవాళ్లలో చాలామందికి కావలసింది అదే, పోగొట్టుకున్న ఎత్తు.

ఇరుక్కున్న బండిని తాడుతో లాగే విన్చి విషయానికొస్తే, బండి మొత్తం బరువుకు ఒకటిన్నర రెట్లు లాగగలిగింది తీసుకోవాలన్నది అంతటా పాటించే లెక్క. ఉక్కు తాడుతో కలిపి అది ముప్పై, నలభై కిలోలు తూగుతుంది. ఖాళీగా టన్ను అటూ ఇటూ ఉండే బండికి ముక్కు మీద అంత బరువంటే ముందు కమాన్లు వెంటనే ఫిర్యాదు చేస్తాయి. గట్టిగా లాగేటప్పుడు వందల ఆంపియర్లు తాగుతుంది కాబట్టి బ్యాటరీ, ఆల్టర్నేటరు, కేబుళ్ల మందం అన్నీ లెక్కలోకి వస్తాయి. అదలా ఉంచితే, దాన్ని బిగించే తీరులో ఒక చిన్న ముక్క నాకు మహా నచ్చింది. జిప్సీ ఛాసిస్ పెట్టెలా బోలుగా ఉంటుంది. అందులోంచి ఆరపార బోల్టు వేసి బిగిస్తే గోడలు లోపలికి నొక్కుకుపోతాయి. నొక్కుకున్నది క్రమంగా వదులవుతుంది. ఉస్తాద్ ఛాసిస్ లోపలి వెడల్పు కొలిచి, సరిగ్గా అంతే పొడుగు గొట్టం ముక్కలు లేత్ మీద కోయించి, ఒక్కో బోల్టుకూ లోపల ఒక్కో గొట్టం తొడిగాడు. ఇప్పుడు ఎంత బిగించినా బరువు గొట్టం మీద పడుతుంది, గోడ మీద కాదు. కొత్త రంధ్రం ఒక్కటి వేయలేదు, కంపెనీ వదిలిన రంధ్రాలే వాడుకున్నాడు. వెల్డింగు అసలే లేదు. రేపు యజమాని మనసు మారితే ఒక పూటలో విప్పేసి, బండిని ఏమీ ఎరగనట్టు నిలబెట్టవచ్చు.

బండి అసలు రూపు చెడగొట్టకపోవడం రుచికి మాత్రమే సంబంధించిన సంగతి కాదు, చట్టం కూడా అటే ఉంది. రిజిస్ట్రేషన్ కాగితంలో ఉన్న కంపెనీ లెక్కలకు తేడాగా బండిని మార్చడాన్ని మోటారు వాహనాల చట్టం 52వ సెక్షను ఒప్పుకోదు. 2019 జనవరిలో సుప్రీంకోర్టు కూడా ఆ మాటే గట్టిగా చెప్పింది. ముందు బిగించే బుల్ బార్ల మీద చర్య తీసుకోమని కేంద్ర రవాణా శాఖ 2017 డిసెంబరులోనే రాష్ట్రాలకు రాసింది. ఎదురుగా వచ్చే మనిషికి ఆ ఇనుప చట్రం చేసే హాని సంగతి అటుంచి, ఢీకొన్నప్పుడు బాడీ నలిగి మింగాల్సిన దెబ్బను అది నేరుగా ఛాసిస్‌కు అందిస్తుంది. పదిహేనేళ్లు దాటిన బండికి రిజిస్ట్రేషన్ తిరిగి చేయించాలి, గ్రీన్ ట్యాక్స్ కట్టాలి, ఇన్‌స్పెక్టరు ఎదుట నిలబెట్టాలి. అక్కడికి తీసుకెళ్లే ముందు రాత్రి హడావిడిగా విప్పే సామాను అసలు బిగించకపోతేనే మేలు.

లైట్ల పని చూస్తే పని చేసినవాడి ఓపిక తెలిసిపోతుంది. పాత జిప్సీ హెడ్‌లైట్లు మసకగా ఉన్నాయని పెద్ద వాటేజి బల్బులు వేసేవాళ్లు ఎందరో. బల్బుది చాలాసార్లు తప్పే ఉండదు. స్విచ్చు చుట్టూ తిరిగొచ్చే పాత సన్న వైరులో కరెంటు సగం దారిలోనే అలసిపోతుంది. బల్బు దగ్గర వోల్టేజి పది శాతం తగ్గితే వెలుగు దాదాపు ముప్పై శాతం పడిపోతుంది. యాభై అయిదు వాట్ల బల్బులు రెండంటే తొమ్మిది ఆంపియర్లు, అదంతా ముప్పై ఏళ్ల స్విచ్చు మీదుగా. రిలే పెట్టి, బ్యాటరీ నుంచి మందపాటి వైరు నేరుగా తెస్తే అదే బల్బు కొత్తదైపోతుంది, స్విచ్చు చల్లగా ఉంటుంది. ఉస్తాద్ పనిలో ఫ్యూజు బ్యాటరీకి జానెడు దూరంలోపే, వైరు రేకులోంచి దూరే చోట రబ్బరు గ్రోమెట్టు, ఎర్తు బోల్టు కింద పెయింటు గీకి మెరిసే లోహం, పైన కాస్త వ్యాజలీను. టేపు చుట్టిన అతుకు ఒక్కటి లేదు. టాపు మీద లైట్ల వరస పెట్టినవాళ్లు ఎదుటి బండివాడి కళ్లలో కొట్టడం తప్ప సాధించేది నాకు పెద్దగా కనబడదు. ఆ దుమారం ఇక్కడ ఆపుతాను.

నీళ్లలో దిగే బండికి హౌసింగు బ్రీదర్లు పైకి పెంచడం మరచిపోకూడదు. నడిచి వేడెక్కిన హౌసింగు చల్లటి వాగులో మునగగానే లోపలి గాలి ముడుచుకుని, సీళ్ల సందుల్లోంచి నీటిని లోపలికి పీలుస్తుంది. వారం తర్వాత నూనె మజ్జిగ రంగులో వస్తుంది. రెండు మూరల రబ్బరు గొట్టం బానెట్టు దాకా తెస్తే ఆ బాధ తప్పుతుంది. జిప్సీ మీద పెట్టదగిన ఖర్చుల్లో ఇంత చవకైనది, ఇంత లాభమైనది వేరొకటి లేదు, అయినా అడిగి చేయించుకునేవాళ్లు తక్కువ, ఫొటోలో పడదు కదా.

తుప్పు విషయంలో దక్కను మనకు మేలు చేసింది. విశాఖ ఉప్పుగాలిలో బతికిన బండికీ, ఇక్కడి పొడి ఎండలో బతికినదానికీ తలుపుల అడుగులు చూస్తేనే తేడా తెలుస్తుంది. అయినా మ్యాట్ల కింద నీరు పోయే రంధ్రాలు మూసుకుపోతే ఏ ఊరైనా ఒకటే. బండి కొనేవాళ్లు ముందు మ్యాట్లు ఎత్తి చూడాలి, ఇంజను శబ్దం తర్వాత వినొచ్చు.

సామాన్ల వేట రాణిగంజ్ దాకా, ఒక్కోసారి విజయవాడ ఆటోనగర్ దాకా పోతుంది. బేరింగులు, బుష్షులు దొరుకుతాయి. రబ్బరుతోనే చిక్కు. ట్రాన్స్‌ఫర్ కేసును మోసే మూడు మౌంటింగులు నాసిరకానివి పడితే బండంతా వణుకుతుంది, ఫోర్ లో గేరు దానంతటదే జారుతుంది. ఉస్తాద్ కొత్తదాన్ని వేలుతో నొక్కి, వాసన చూసి, సగం డబ్బాలు తిప్పి పంపేస్తాడు.

పని అయ్యాక ప్రతి ముఖ్యమైన నట్టు మీదుగా, బోల్టు మీదికి వచ్చేలా తెల్ల పెయింటుతో ఒక గీత గీస్తాడు. అయిదు వందల కిలోమీటర్లు నడిపి మళ్లీ రమ్మంటాడు. గీత విరిగిన నట్టు ఎక్కడైనా ఉంటే అది కదిలినట్టు లెక్క, యూ-బోల్టులైతే గీతతో పని లేకుండా అన్నీ మళ్లీ బిగిస్తాడు. రానివాళ్లకు ఫోన్ చేసి మరీ పిలుస్తాడు.

సైన్యం 2017లో మూడు వేల పైచిలుకు సఫారీ స్టార్మ్‌లకు ఆర్డరు ఇచ్చినప్పుడే జిప్సీ రోజులు దగ్గర పడ్డాయని ఈ సందులో అందరికీ అర్థమైంది. 2023 జూన్‌లో మారుతి జిమ్నీ వచ్చింది. కమాన్ల బదులు కాయిల్ స్ప్రింగులు, పవరు స్టీరింగు, తెర, కెమెరా. ఈ మధ్య ఒక కుర్రాడు తన జిమ్నీకి పెద్ద టైర్లు వేయించి, ఎనభైలో స్టీరింగు కొట్టుకుంటోందంటూ షెడ్డుకు తెచ్చాడు. ఎవరో కొత్త డ్యాంపరు వేయమన్నారట. ఉస్తాద్ కింద దూరి టార్చి వేసి చూసి లేచాడు. గట్టి హౌసింగే, చివర బంతే, పైనా కిందా కింగ్‌పిన్నులే.

“డ్యాంపర్ తర్వాత చూద్దాం సార్,” అని, కుర్రాణ్ణి బ్రేకు తొక్కమన్నాడు.